రోగి చిరునామా కూడా మందే

మీ ఊళ్ళో జబ్బు చేస్తే నయం చేసేది ఎవరు? ఈ ప్రశ్న వేయగానే తరగతిలో అందరూ ఒక్క గొంతుతో "డాక్టరు!" అంటారు. మరి ఊళ్ళోకి జబ్బు రాకుండా చూసేది ఎవరు? ఈసారి సగం మంది మౌనంగా ఉంటారు. మిగతా సగం మళ్ళీ "డాక్టరే" అంటారు. ఈ రెండో జవాబు గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

డాక్టరు జ్వరాన్ని చూస్తాడు. ఆ జ్వరానికి మూలమైన దోమ మాత్రం ఆసుపత్రిలో లేదు. అది మీ వీధిలో నీళ్ళ తొట్టి చుట్టూ తిరుగుతోంది. వాంతులు, విరేచనాలతో వచ్చిన రోగికి డాక్టరు సెలైను ఎక్కిస్తాడు. కాని పగిలిన మంచినీళ్ళ గొట్టం మురుగు కాలువలో ఉంది. తొట్టీ, గొట్టమూ ఎవరి బాధ్యత? పురపాలక సంఘానిది.

అంటే ఊరి ఆరోగ్యాన్ని రెండు చేతులు మోస్తున్నాయన్నమాట. ఒకటి రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ. జిల్లా అధికారి మొదలు మీ ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త వరకు ఆ చేతికి వేళ్ళే. రెండవది పురపాలక సంఘం. శానిటరీ ఇన్‌స్పెక్టరు, మేస్త్రీ, తెల్లవారకముందే వీధి ఊడ్చే కార్మికులు, నీళ్ళ ట్యాంకులో క్లోరిన్ కలిపే ఉద్యోగి దాని వేళ్ళు. మన రాజ్యాంగంలో ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ సవరణ, పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 పనులను 12వ షెడ్యూలులో చేర్చింది. నీటి సరఫరా, ప్రజారోగ్యం, పారిశుధ్యం, చెత్త తొలగింపు వాటిలోనివే. పని ఇద్దరిదీ. కాబట్టి ఒక చేతికి తెలిసింది రెండో చేతికి వెంటనే తెలియాలి. నా అభిప్రాయంలో, ఆ కబురు ఎంత త్వరగా అందుతుందన్నదే ఊరి ఆరోగ్యానికి అసలైన కొలత.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. లెక్కలంటే భయపడకండి, వేళ్ళ మీద చెయ్యవచ్చు.

డెంగీని ఒకరి నుంచి ఒకరికి మోసేది ముఖ్యంగా ఈడిస్ ఈజిప్టై దోమ. రోగికి జ్వరం తగిలాక సుమారు అయిదు రోజుల వరకు అతని రక్తంలో వైరస్ ఉంటుంది. ఆ సమయంలో కుట్టిన దోమ లోపలికి వైరస్ వెళ్తుంది. అయినా ఆ దోమ వెంటనే ఇంకొకరికి జబ్బు అంటించలేదు. దాని కడుపులోంచి లాలాజల గ్రంథులకు వైరస్ చేరడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ అది ప్రమాదకారే.

ఒక కుర్రవాడికి సోమవారం జ్వరం వచ్చిందనుకోండి. బుధవారం ఆరోగ్య కేంద్రంలో రక్తం తీశారు. గురువారం డెంగీ అని తేలింది. సోమవారం అతన్ని కుట్టిన దోమ తర్వాతి వారం మంగళవారానికి సిద్ధమవుతుంది. అంటే చేతిలో ఉన్నది అయిదు రోజులు. అతని చిరునామా గురువారమే పురపాలక సంఘానికి అందితే, శుక్రవారం సిబ్బంది వెళ్తారు. ఆ ఇంట్లోనూ చుట్టుపక్కల ఇళ్ళలోనూ దోమల మందు కొడతారు. తొట్లు, కూలర్లు, పాత టైర్లు వెతికి నీళ్ళు పారబోయిస్తారు. అలా కాక, ఆ చిరునామా ఫైలులో పడి మరో గురువారానికి చేరితే? మందు అదే, మనుషులు వాళ్ళే, ఖర్చూ అంతే. దోమ మాత్రం అప్పటికే పని మొదలుపెట్టి ఉంటుంది.

ఇది కొత్త పాఠం కాదు. 1854 ఆగస్టు చివర లండన్‌లోని బ్రాడ్ వీధిలో కలరా చెలరేగింది. జాన్ స్నో అనే డాక్టరు మృతుల చిరునామాలు సేకరించి చూస్తే, ఎక్కువ మంది ఒకే చేతి పంపు నీళ్ళు తాగినవారని తేలింది. పంపు తీయించే అధికారం ఆయనకు లేదు. స్థానిక పాలకుల దగ్గరికి వెళ్ళి చెప్పాడు. సెప్టెంబరు 8న వాళ్ళు పంపు పిడిని ఊడదీయించారు. అప్పటికే జబ్బు ఉధృతి తగ్గుముఖం పట్టింది, ఎన్నో వందల మంది చనిపోయారు. చిరునామాలు ఎంత విలువైనవో, ఆలస్యం ఎంత చేటో రెండూ ఇందులోనే ఉన్నాయి కదూ!

మన దేశంలో 2004లో సమీకృత వ్యాధి పర్యవేక్షణ కార్యక్రమం మొదలయింది. ఆరోగ్య కార్యకర్త, డాక్టరు, ప్రయోగశాల వేరువేరు ఫారాలు నింపి వారం వారం పంపే ఏర్పాటు అది. 2021లో కంప్యూటర్ ద్వారా ఏ రోజు వివరాలు ఆ రోజే పంపే ఏర్పాటు వచ్చింది. మంచిదే. అయితే వివరాలు పైకి, జిల్లాకూ రాజధానికీ వెళ్తే చాలదు. పక్కకు, పురపాలక కార్యాలయానికి కూడా వెళ్ళాలి. రోగి పెద్దాసుపత్రి ఉన్న వేరే ఊరికి వెళ్ళి చేరితే, అతని సొంత ఊరికి కబురు చేరాలి. ఊరూరా జరిగేదాన్ని కలిపి చూడగలిగేది జిల్లా ఆరోగ్య శాఖ ఒక్కటే గనుక ఆ బాధ్యత దానిదే.

"ఇంత తంటా ఎందుకు, రెండింటినీ ఒకే శాఖ చేసేస్తే పోలేదా?" అని మీలో తెలివైనవారు అడగవచ్చు. నేను ఒప్పుకోను. రక్తం పరీక్షించడం ఒక విద్య, గొట్టం అతకడం మరొక విద్య. ఏ సందులో నీళ్ళు నిలుస్తాయో జిల్లా కార్యాలయానికి తెలియదు, మేస్త్రీకి తెలుసు. కలపవలసింది కుర్చీలను కాదు, సమాచారాన్ని.

ఇంకొక మాట. ఏ ఊళ్ళో ఎక్కువ కేసులుంటే ఆ ఊరి పాలకులు చేతకానివారని మనం తీర్పు చెబుతుంటాం. ఇది అశాస్త్రీయం. శ్రద్ధగా పరీక్షలు చేసిన ఊళ్ళో ఎక్కువ కేసులు కనిపించడం సహజం. లెక్క చూసి తిట్టడం మొదలుపెడితే, లెక్కే దాచేస్తారు. దాచిన కేసు పక్కన మందు కొట్టేవారుండరు. అందుచేత "ఎన్ని కేసులు?" అని కాక, "కేసు తేలిన ఎన్ని గంటలకు ఆ ఇంటికి మనిషి వెళ్ళాడు?" అని అడగాలి. వీధంతా పొగ కొట్టారా అన్నది కూడా పెద్ద కొలత కాదు. పొగ కంటికి బాగా కనిపిస్తుంది, అయితే తొట్టిలోని లార్వాలను చంపదు.

మరి మీరేం చెయ్యగలరు? జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మీరు నిజంగా ఉండే ఇంటి చిరునామానే రాయించండి, బంధువులది కాదు. ఈడిస్ దోమ పగలు కుడుతుంది. పగలు మీరుండేది బడిలో! కనుక బడి పేరు కూడా చెప్పండి. ఆ ఫారంలో విద్యార్థులకు బడి పేరు కోసం ఒక గడి తప్పక ఉండాలని నా వాదన. గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి, ఇంట్లోనూ బడిలోనూ, నీటి పాత్రలు ఖాళీచేసి, రుద్ది ఆరబెట్టండి. సైన్సు మాస్టారిని అడిగి కుళాయి నీళ్ళలో క్లోరిన్ పరీక్షించండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. లేకపోతే తేదీ, వీధి పేరు రాసి పురపాలక కార్యాలయంలో ఇవ్వండి, నకలు ఆరోగ్య కేంద్రానికీ ఇవ్వండి.

రెండు చోట్లా ఇవ్వడం మరచిపోకండి. ఆ రెండు చేతులూ కలిసేది అలాంటి కాగితాల దగ్గరే.