లేని వాసన వస్తోందంటే నవ్వి ఊరుకోవద్దు

‘ఎక్కడో వైరు కాలుతున్నట్టుంది’ అంటారు ఇంట్లో ఒకరు. స్విచ్‌బోర్డులు, ఫ్రిజ్ వెనుక, వంటగది అన్నీ వెతుకుతారు. ఏమీ కనిపించదు. మిగతావారికి ఆ వాసనే రాదు. ఇంకో రెండుసార్లు ఇలాగే జరిగితే ‘అంతా నీ భ్రమ’ అని తేల్చేస్తారు. భ్రమే, కాదనలేం. కానీ దాని మూలం ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న.

1937 ఫిబ్రవరిలో అమెరికన్ స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ లాస్ ఏంజిలిస్‌లో కచేరీ చేస్తూ క్షణకాలం తడబడ్డారు. ఆ సమయంలో రబ్బరు కాలుతున్న వాసన వచ్చిందని చెప్పారు. తర్వాత తలనొప్పులు పెరిగాయి. జూన్‌లో పరీక్షించిన వైద్యులు హిస్టీరియా కావచ్చని ఇంటికి పంపేశారు. జులై 11న, మెదడు కణితికి శస్త్రచికిత్స జరిగిన కొన్ని గంటలకే, 38 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. కణితి ఉన్నది టెంపొరల్ లోబ్‌లో. అప్పట్లో సీటీ, ఎమ్మారైలు లేవు కాబట్టి ఆ వైద్యులను మరీ తప్పుపట్టలేం. ఇప్పుడు ఆ సాకు లేదు.

మిగతా ఇంద్రియాల సంకేతాలు ముందుగా థాలమస్‌ను చేరతాయి. వాసన మాత్రం దాదాపు నేరుగా టెంపొరల్ లోబ్ లోపలి అంచుకు వెళ్తుంది. భయాన్ని, జ్ఞాపకాలను నడిపే భాగాలూ ఆ పక్కనే ఉన్నాయి. అక్కడ విద్యుత్ అలజడి రేగితే ముందు ఏదో కమురు కంపు, ఆ వెంటనే కారణంలేని భయం, ‘ఇది ఇంతకుముందే జరిగింది’ అన్న భావన, కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు ఉండటం సహజమే. లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ 19వ శతాబ్దంలోనే ఈ తరహా మూర్ఛను వర్ణించారు.

మూర్ఛ అంటే కిందపడి కొట్టుకోవడం, నోట నురగ, చేతిలో తాళాల గుత్తి పెట్టడం (దానివల్ల ఉపయోగమేమీ లేదు) అన్న చిత్రమే మన మనసుల్లో స్థిరపడింది. అందుకే కొన్ని క్షణాల వాసన మూర్ఛ కావచ్చని ఎవరికీ తట్టదు. తట్టినా దాచిపెడతారు. వివాహ చట్టాల్లో పెళ్లికి అనర్హతగా ఉన్న ‘మూర్ఛ’ను 1999లోనే తొలగించారు, పెళ్లిచూపుల్లో మాత్రం అది అలాగే ఉండిపోయింది.

లేని వాసనలన్నీ మెదడు జబ్బులు కావు. జలుబు, సైనస్, కోవిడ్ తర్వాత గంటలు, రోజుల తరబడి వేధించేవి ఎక్కువగా ముక్కుకు సంబంధించినవే. ఒకే వాసన హఠాత్తుగా వచ్చి, నిమిషం రెండు నిమిషాల్లో పోయి, మళ్లీమళ్లీ వస్తుంటే, ఆ సమయంలో మనిషి శూన్యంలోకి చూస్తూ పెదవులు చప్పరిస్తుంటే న్యూరాలజిస్టును కలవాల్సిందే. కణితే అని బెంబేలెత్తక్కర్లేదు. మన దేశంలో మూర్ఛకు ఒక ముఖ్య కారణమైన బద్దెపురుగు తిత్తులకు మందులున్నాయి.

వెళ్లేటప్పుడు ఆ క్షణాల్లో పక్కనున్న మనిషిని తోడు తీసుకెళ్లడం మేలు. ఒక్క ఈఈజీ మామూలుగా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పలేరు. అప్పుడు చూసినవారి మాటే వైద్యుడికి దారి చూపేది.