గుండె మార్పిడి – బడి పాఠము

1994 ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో మన దేశపు తొలి విజయవంతమైన గుండె మార్పిడి గావించిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ రాజమహేంద్రవరమున జన్మించిన తెలుగువారు. పెక్కుమంది శస్త్రవైద్యులను తీర్చిదిద్దిన ఆచార్యులు. వారు 2024లో కీర్తిశేషులైరి.

ఆ 1994లోనే పార్లమెంటు చేసిన చట్టము మెదడు మరణమును మరణముగా అంగీకరించినది. అయినను శస్త్రనైపుణ్యమును, చట్టమును మాత్రమే చాలవు. దాత బంధువుల సమ్మతి కావలెను. వెలికితీసిన గుండెను సుమారు నాలుగు గంటలలో అమర్చవలెను. యంత్రబలమున రొమ్ము కదలుచున్న బిడ్డ మరణించెనని నమ్ముట తల్లిదండ్రులకెంత కష్టము!

రోడ్డు ప్రమాదములలో తలకు తగులు గాయమే తరచు ఈ స్థితికి కారణము. హైదరాబాదు–విజయవాడ రహదారిపైనున్న నందిగామ, జగ్గయ్యపేటల ఉపాధ్యాయులు గుండె పాఠముతోబాటు ఈ సంగతియు బోధింపవలెను. ఆ ఘడియ వచ్చిననాడు ఇంటి పెద్దలకు విషయము తెలుపగలవాడు వారి విద్యార్థియే కావచ్చును.