కంచెయు కావలియు

వేరుసెనగ చేనికి కంచె వేసినంతమాత్రమున రైతు నిశ్చింతగా నిద్రింపడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో అడవిపందుల బాధ యెరిగిన కాపులు కంచె వేయుదురు. దానితోపాటు మంచె కట్టి రాత్రులు కావలి కాయుదురు. కంచెలోని సందు కావలివానికే కనబడును. అతడు కేక వేసినచో ఇరుగుపొరుగు చేలవారును పరుగున వత్తురు.

నేడు కాపాడవలసిన చేను మరియొకటి కలదు. అది పిల్లల చేతిలోని సెల్‌ఫోను. దానివలన పాఠములు, వినోదము, దూరమున నున్న బంధువుల పలుకరింపులు పల్లెలకు చేరుచున్నవి. ఆ దారినే అపరిచితులు స్నేహితుల వేషమున వచ్చుచున్నారు. చనువు పెంచుకొని ఫొటోలు అడిగి, పిదప వానిని చూపి బెదరించువారును కలరు. ఇట్టివారి బారినుండి బాలలను కాపాడుటకు పెక్కుదేశములలో సాంకేతిక నిపుణులు పాటుపడుచున్నారు.

2009లో మైక్రోసాఫ్ట్ సంస్థయు, అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల ఆచార్యుడు హేనీ ఫరీదును కలిసి ‘ఫొటోడీఎన్‌ఏ’ అను సాధనమును రూపొందించిరి. బాలలను హింసించి తీసిన చిత్రము పట్టుబడినచో, దానినుండి ఈ సాధనము ఒక సంఖ్యావళిని తయారుచేయును. అది వేలిముద్ర వంటిది. అదే చిత్రమును పరిమాణము మార్చి పంపజూచినను సంఖ్యలు సరిపోలి గుర్తింపబడును. భారత సంతతికి చెందిన అమెరికా బాలిక గీతాంజలి రావు ‘కైండ్లీ’ అను మరియొక సాధనమును నిర్మించినది. తోటివారిని నొప్పించు మాటను టైపు చేసినచో అది గుర్తించి, దిద్దుకొనుటకు అవకాశ మిచ్చును, శిక్షింపదు. 2020లో ‘టైమ్’ పత్రిక ఆమెను గౌరవించునాటికి ఆమె వయస్సు 15 ఏండ్లే.

ఇవి మంచి కంచెలు. ఐనను వీనికి హద్దు కలదు. ఫొటోడీఎన్‌ఏ ఇదివరకే దొరికిన చిత్రములతోనే పోల్చగలదు. నిన్నరాత్రి ఒక బాలికకు వచ్చిన బెదరింపు దాని పట్టికలో ఉండదు. ఆ సంగతి యెరిగినది ఆ బాలికయు, బెదరించినవాడును మాత్రమే. వాడు చెప్పడు. ఆమెయు చెప్పనిచో ఏ సాధనమును ఆమెను ఆదుకొనలేదు.

ఆమె ఏల చెప్పదు? ఫోను లాగికొందురనియు, చదువు మాన్పింతురనియు, తప్పు తనదే యందురనియు భయము. ఆ భయమే దుష్టునికి బలము. నేరము చేసినవాడు వాడు, సిగ్గుపడవలసినవాడును వాడే. నిజము చెప్పిన బిడ్డను దండించుట, కేక వేసిన కావలివానిని మంచె దింపివేయుట వంటిది.

పిల్లల ఫోనులోని ప్రతి మాటను కనిపెట్టు సాధనమొకటి చాలునని కొందరు పెద్దలు తలంతురు. చిన్నవారికి కొంత అదుపు అవసరమే. కాని ఎల్లవేళల అనుమానింపబడు బిడ్డ మరియొకరి ఫోనును వెదకికొనును; చెప్పవలసిన మాటను మరింత దాచును.

తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగము ఈ మర్మమును గ్రహించినది. 2021లో ‘సైబర్ కాంగ్రెస్’ పేర ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు శిక్షణ నిచ్చి, వారిని సైబర్ అంబాసిడర్లుగా తీర్చిదిద్దుటకు పూనుకొన్నది. పెద్దలకు చెప్పలేని మాటను పిల్లలు తోటివారికి చెప్పుకొందురు. ఆ విన్నవారు దానిని నవ్వులాటగా తీసికొనక, నమ్మదగిన ఉపాధ్యాయునికో తల్లికో తెలుపవలెను. వచ్చిన సందేశమును చెరిపివేయక చూపవలెను. ఆపదలోనున్న బాలలకు 1098, సైబరు నేరముల ఫిర్యాదునకు 1930 నంబరులు కలవు.

రేపు ఈ మూడు జిల్లాల పాఠశాలలనుండియు ఇంజనీర్లు రాగలరు. పిల్లల రక్షణకై వారేదైన సాధనమును నిర్మింపబూనినపుడు మొదట ఒక ప్రశ్న వేసికొనవలెను: భయపడిన బిడ్డ తన తెలుగు మాటలలో, తడుముకొనక, ఆపదను చెప్పుకొనుటకు ఇందులో దారి కలదా?