బయానా వాపసు



మొన్న వేసవిలో మా బయానా వాపసొచ్చింది. యాభై వేలు. ఒక్క రూపాయి తగ్గలేదు. ఇంటాయన కొడుకు బండి మీద కాలేజీ గేటు దాకా వచ్చి, కవరు చేతిలో పెట్టి, "మా చెల్లె సంతకం పెట్టనంటుంది సార్, ఏమనుకోకుండ్రి" అన్నాడు. చాయ్ తాగించి మరీ పోయాడు. ఇంత మర్యాదగా నన్నెవరూ వెళ్లగొట్టలేదు.

ఇల్లు లాల్‌దర్వాజకు ఇవతల ఒక గల్లీలో. గల్లీ పేరు రాయను. ఇరవై ఇళ్లుంటాయి, చివర ఒక వేపచెట్టు. తొంభై గజాలు, కింద రెండు గదులు, పైన రేకుల గది. అన్నిటికంటే ముఖ్యం, రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. పాతబస్తీలో ఇల్లు వెతికినవాళ్లకే ఈ మాట విలువ తెలుస్తుంది. ఇక్కడ ఎన్నో ఇళ్లు నోటరీ కాగితం మీదే చేతులు మారాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావలసిందే. నోటరీ ముద్ర చూపిస్తే బ్యాంకు లోన్ ఇవ్వదు. 2023లో జీవో 84 వచ్చి 125 గజాల దాకా స్టాంపు డ్యూటీ లేకుండా క్రమబద్ధీకరణకు దారి ఇచ్చింది కానీ, ఆ పని పూర్తికాని ఇల్లు నాలాంటివాడికి ఇల్లు కాదు. తాత ఇచ్చిన భూమి లేదు, మామ ఇచ్చే కట్నం వద్దనుకున్నాం. లోన్ వచ్చే ఇల్లే కొనాలి. అలాంటి ఇల్లు అమ్మేవాడు డబ్బు లెక్కపెట్టే ముందు మనల్ని లెక్కపెడతాడు.

బ్రోకర్ ముందే చెప్పాడు. "లెక్చరర్ అని చెప్పుండ్రి సార్, చాలు. మిగతాది అడిగితే నవ్వుండ్రి." నవ్వాను. పెద్దాయన ఇంటిపేరు అడిగాడు. చెప్పాను, ఆయనకు తేలలేదు. బయానా తీసుకున్నాడు. వారం తర్వాత కాగితాల జిరాక్సుల కోసం వెళ్తే, ఏ ఊరన్నాడు. నల్లగొండ దిక్కు అన్నాను. ఊరి పేరు చెప్పించాడు. ఊళ్లో ఇల్లు ఎక్కడన్నాడు. "చెరువు కట్ట అవతల" అన్నాను. "ఓహో" అన్నాడు.

తెలుగు సాహిత్యంలో డాక్టరేటు చేసినవాణ్ణి. ఆ "ఓహో"కు అర్థం ఏ నిఘంటువులోనూ చూడలేదు.

ఆ రాత్రి మా ఆవిడ అడిగింది: "ఊరు అబద్ధం చెప్తే ఏమయ్యేది?" నేను అంబేడ్కర్ బరోడా కథ చెప్పాను. ఆమెకు తెలిసిందే, అయినా చెప్పాను. 1917లో కొలంబియాలో చదివొచ్చి, సంస్థానంలో ఉద్యోగంలో చేరిన మనిషికి ఉండటానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించి దిగాడు. పదకొండు రోజులకే కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చెయ్యమన్నారు. అబద్ధం చెప్పి ఉండటం ఎలా ఉంటుందో మనకంటే ముందే ఆయన చూసి పెట్టాడు.

అదే మనిషి నాలుగేళ్ల తర్వాత, 1921-22లో, లండన్‌లో కింగ్ హెన్రీస్ రోడ్డు పదో నంబరు ఇంట్లో ఉన్నాడు. ప్రిమ్‌రోజ్ హిల్ పక్కన చిన్న నివాస ప్రాంతం. 2015లో ఆ ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం కొని మ్యూజియం చేసింది. ఇరుగుపొరుగు కొందరు వచ్చేపోయే జనంతో ఇబ్బంది అన్నారు. స్థానిక కౌన్సిల్, నివాసపు ఇంటిని మ్యూజియంగా మార్చడానికి ఒప్పుకోలేదు. 2019లో బహిరంగ విచారణ జరిగింది. 2020 మార్చిలో అనుమతి వచ్చింది. ఆ పొరుగువాళ్లను నేను ఇక్కడ కులవాదులనడం లేదు. నాకు కావలసింది వేరే. అక్కడ వద్దన్నవాడు ఎందుకు వద్దంటున్నాడో చెప్పాల్సి వచ్చింది. చెప్పాడు కాబట్టే దానికి జవాబు ఇవ్వగలిగారు. మా గల్లీలో చెల్లె సంతకం పెట్టదు. ఆ చెల్లెను నేను చూడనే లేదు. ఏ కోర్టులో ఎదుర్కోవాలి?

"ఇల్లు వాళ్లది, ఎవరికి అమ్మాలో వాళ్ల ఇష్టం కదా" అని నా అభ్యుదయ మిత్రులే అన్నారు. రాజ్యాంగం పదిహేనో అధికరణం తీసి చూడండి. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు ఉన్నాయి. ఇల్లు లేదు. 2005లో అహ్మదాబాద్‌లోని ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, తమవాళ్లకే పరిమితం అనే నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. (మళ్లీ పార్శీలేనా అనకండి. ఆ తీర్పు నీడలో ఎవరైనా తలదాచుకోవచ్చు.) ఇంగ్లండ్ వాళ్లు 1968లో రేస్ రిలేషన్స్ చట్టంతో ఇళ్ల అమ్మకం, అద్దె రెండింట్లోనూ జాతి వివక్షను చట్టవిరుద్ధం చేశారు. బ్రోకరూ ప్రకటనా లేకుండా తానుంటున్న ఇంటిని అమ్ముకునేవాణ్ణి వదిలేశారు. నాకు ఆ గీత నచ్చింది. బ్రోకర్‌ను పెట్టి బోర్డు కట్టాక అది నీ ఇష్టం కాదు, బజారు. అయితే అదే దేశం 2013లో కులాన్ని సమానత్వ చట్టంలో చేర్చాలని పార్లమెంటులో ఒప్పుకుని, 2018లో వెనక్కి తగ్గింది. అక్కడ మన తెలుగువాళ్ల మధ్య "ఏ ఊరు, ఏ దిక్కు" ఇంకా నడుస్తూనే ఉంది.

మనకు అట్రాసిటీ చట్టం ఉంది, 2015 సవరణలో సాంఘిక బహిష్కరణ గురించీ ఉంది. కానీ చాయ్ తాగించి కవరు ఇచ్చినవాడి మీద ఏమని రాసివ్వాలి? అమ్మకానికి పెట్టిన ఇంటిని కాదన్నప్పుడు కారణం రాసివ్వాలని, బ్రోకర్‌కూ బాధ్యత ఉండాలని తెలంగాణ ఒక చట్టం ఎందుకు చెయ్యకూడదు? క్యాంపస్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు హాస్టల్ దాటి అద్దె గదికి వచ్చిన రోజు ఈ ప్రశ్న మీదవుతుంది. అప్పటిదాకా ఆగకండి.

షాలిబండలో నా మొదటి అద్దె ఇల్లు ఒక ఖాలాది. "పీతే తో నహీ బేటా?" అన్నది ఒక్కటే ఆమె ప్రశ్న. ఆరేళ్లున్నాం. అలాగని పాతబస్తీ స్వర్గమని రాయను. నా ముస్లిం సహోద్యోగి ఆ లాల్‌దర్వాజ గల్లీలో ఇల్లు అడగడానికి కూడా పోడు. అటువైపు గల్లీల్లో బిరాదరీ లెక్కలు వేరే ఉన్నాయి.

చివరికి ఉప్పుగూడలో దొరికింది. ఎనభై గజాలు, మూడు లక్షలు ఎక్కువ. అమ్మిన రిటైర్డ్ ఉద్యోగి అడిగింది "లోన్ ఎన్ని రోజులకొస్తది?" అని మాత్రమే. ఏడున్నర శాతం ఛార్జీలు కట్టి, మా ఆవిడ పేరు మీద రిజిస్టర్ చేయించాం.

నిన్న గృహప్రవేశం కార్డుల కోసం ఛత్తా బజార్ వెళ్లాం. దుకాణంలో పిల్లవాడు పైన గణపతి బొమ్మ పెట్టబోయాడు. అంబేడ్కర్ అన్నాను. వాడు ఫోల్డర్ తెరిచి, "నీలి కోటా, పుస్తకం పట్టుకున్నదా సార్?" అన్నాడు. మా ఆవిడ పుస్తకం అంది. యాభై చెప్పబోతే డెబ్బై కొట్టించమంది. కొత్త గల్లీలో ఇళ్లు ఇరవై రెండు, అందరికీ ఇస్తానంటోంది. శనివారం రమ్మన్నాడు.