తాళంచెవి ఎవరి చేతిలో?

మొన్నీమధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా లెక్చరర్ ఉద్యోగం వచ్చింది, పోస్టింగ్ నారాయణఖేడ్‌లో. "అక్కా, మీరక్కడ పనిచేశారు కదా, ఊరెట్లా ఉంటుంది? ఇల్లు దొరుకుతుందా?" అనడిగింది. క్షణం కూడా ఆలోచించకుండా నేను మొదలుపెట్టాను. బస్టాండుకు దగ్గర్లో ఇల్లు చూసుకో. ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉంటే మంచిది. ఒక్కదానివే ఉంటున్నానని ఎవరికీ చెప్పకు. చీకటి పడకముందే ఇల్లు చేరు. స్టాఫ్‌రూములో ఎక్కువ నవ్వకు.

ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. 2006లో నేను ఆ ఊరికి వెళ్తున్నప్పుడు నాకు చెప్పిన మాటలే ఇవి. అప్పుడది మెదక్ జిల్లా. 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది, రెవెన్యూ డివిజన్ కేంద్రమయింది, ఇవాళ మునిసిపాలిటీ కూడా. ఊరు ఇంత మారినా ఆడవాళ్లకిచ్చే సలహా మారలేదు. దాన్ని మోసుకొచ్చి ఇంకో ఆడపిల్ల నెత్తిన పెట్టింది స్త్రీవాదం గురించి వ్యాసాలు రాసే నేనే!

కొత్త ఊరికి వచ్చిన మగ లెక్చరర్‌కి మనమేం చెప్తాం? మంచి మెస్ ఎక్కడుందో, సంత ఏ రోజో, సాయంత్రం కూర్చోవడానికి ఏ హోటల్ బాగుంటుందో చెప్తాం. అంటే ఊరిని అతని చేతిలో పెడతాం. ఆడమనిషికి చెప్పేదంతా ఊరి నుంచి ఎలా దాక్కోవాలన్న సంగతే. దానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు 'జాగ్రత్త'.

వర్జీనియా వుల్ఫ్ 1929లో, రాయాలనుకునే స్త్రీకి ఏడాదికి అయిదువందల పౌండ్లూ తలుపుకి తాళమున్న గదీ కావాలంది. మన సెమినార్లలో ఆ గది గురించి ఎన్నిసార్లు మాట్లాడుకున్నామో లెక్కలేదు. నారాయణఖేడ్‌లో నాకు అయిదువందల పౌండ్లు దొరికాయి. ప్రతి నెలా జీతం, దాంతోపాటు ఇంటద్దె భత్యం. గది కూడా దొరికింది. తాళం దగ్గరే పేచీ వచ్చింది.

తిరిగిన ప్రతి ఇంట్లోనూ అవే ప్రశ్నలు. "ఒక్కరే ఉంటరా మేడం? సార్ రారా?" తర్వాత "నీసు వండుతరా?" అది వంట గురించిన ప్రశ్న కాదని అడిగేవాళ్లకీ తెలుసు, జవాబు చెప్పేవాళ్లకీ తెలుసు. కులాన్ని నోటితో అడగడానికి మొహమాటపడేవాళ్లు వంటగిది లోంచి అడుగుతారు. నాకు ఆరో ఇంట్లో గది దొరికింది. నాతోపాటే చేరిన దళిత మిత్రురాలికి రెండు నెలలైనా దొరకలేదు. ముస్లిం సహోద్యోగి ఒకామె అసలు వెతకడమే మానేసి బంధువుల ఇంట్లో సర్దుకుంది. ఒంటరి ఆడవాళ్ల కష్టం అందరికీ ఒకటేనని నేను రాసిన వాక్యాలు చాలానే ఉన్నాయి. ఆ రెండు నెలల తర్వాత అలాంటి వాక్యం రాయలేదు.

నా గదికి రెండు తాళంచెవులు. రెండోది ఇంటివాళ్ల దగ్గర ఉండాలన్నది షరతు. "మీ మంచికే మేడం." నేను లేనప్పుడు గదిలోకి వచ్చేవాళ్లు, నాకు వచ్చిన ఉత్తరాలు చూసేవాళ్లు. ఎనిమిది నెలలకి ఖాళీ చేసి హైదరాబాద్ నుంచి అప్ అండ్ డౌన్ మొదలుపెట్టాను. వంద కిలోమీటర్లకు పైనే దూరం, ఊరికి రైలు లేదు. అందరూ హమ్మయ్య అన్నారు. ఇల్లు చూసుకుంటూ ఉద్యోగం చేసుకోవచ్చు కదా అని ఇంట్లో మెచ్చుకున్నారు. పొద్దున్నే నాలుగింటికి లేచి వంట చేసి బస్సెక్కడాన్ని 'సౌకర్యం' అన్నారు!

అసలు సంగతి తర్వాత తెలిసింది. నా క్లాసులో తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. ఆ ప్రాంతం నుంచి ఏటా దసరా, దీపావళి దాటాక కుటుంబాలకు కుటుంబాలే చెరకు నరకడానికి వలసపోతాయి. ఆ పనిలో ఆలుమగల్ని ఒక జంటగా లెక్కకట్టి అడ్వాన్సు ఇస్తారు. మహారాష్ట్రలో ఆ జంటను 'కోయితా' అంటారు, అంటే కొడవలి. పెళ్లికాని పిల్లవాడు సగం కొడవలి. పూర్తి కొడవలి కావాలంటే వాడికి పెళ్లి చేయాలి. ఆడపిల్ల చదువు ఆగిపోవడం వెనక మూఢత్వమే కాదు, ఈ అడ్వాన్సు లెక్క కూడా ఉంది. ఆ అమ్మాయి ఒక సాయంత్రం కాలేజీ గేటు దగ్గరికి నన్ను వెతుక్కుంటూ వచ్చిందట. నేను నాలుగు గంటల బస్సెక్కి వెళ్లిపోయాను. తర్వాత వారం నుంచి క్లాసుకి రాలేదు. చెరకు సీజను అయిపోయాక బజార్లో కనపడింది, పెళ్లయింది. "ఆ పొద్దు మీకోసమే వచ్చిన మేడం, మీరు పోయిన్రంట" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు.

బాల్యవివాహ నిషేధ చట్టం 2006లోనే వచ్చింది. 1098 నంబరు నాకు తెలుసు. చట్టం తెలిసినదాన్ని సాయంత్రం అయిదింటికి ఆ ఊళ్లో లేను, అంతే. ఆ తాళంచెవికీ ఈ పెళ్లికీ సంబంధమేమిటని అడిగేవాళ్లకి నా జవాబు ఇది. ఊళ్లో ఒక ఆడమనిషిని నిలవనీయకపోతే, రేపు ఆమె దగ్గరికి పరుగెత్తుకు రావాల్సిన పిల్లకి కూడా తలుపు మూసేసినట్టే.

అప్ అండ్ డౌన్ చేసే స్త్రీలని నేను తప్పుపట్టడం లేదు. పసిపిల్లలు, ముసలి అత్తమామలు, సగం కూడా పంచుకోని భర్తలు... వాళ్ల బరువు నాకు తెలుసు. భయాలు ఉత్తుత్తివి కావనీ తెలుసు. నేను తప్పుపట్టేది ఈ రెండు రకాల సలహాల్నీ. దాక్కుని ఉండమనేది ఒకటి, అసలు ఉండొద్దనేది రెండోది. రెండిటి వేరూ ఒకటే. ఆడదానికి సొంత ఊరు ఉండదు, ఇల్లు ఉంటుంది, ఆ ఇల్లు ఇంకొకరిది.

నేను ఒప్పుకోవాల్సిన తప్పు ఇంకొకటుంది. ఆ కొద్ది నెలలూ ఊళ్లో ఉన్నప్పుడు మాత్రం నేనేం చేశాను? పిల్లల నోట్సుల్లో 'పోతున్న', 'వస్తున్న'లకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టాను. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసి తిరిగే నేల అది. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, సంతలో కన్నడ, బస్సులో ఉర్దూ మాట్లాడే పిల్లని పట్టుకుని, ఒకటిన్నర భాషలు వచ్చిన నేను 'భాష సరిగా రాదు' అని స్టాఫ్‌రూములో వాపోయాను. పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ సంఘాల దళిత స్త్రీలు చిరుధాన్యాల సేద్యాన్ని నిలబెట్టారు. 2008లో తమ యాసలో, తమ గొంతుతో సంఘం రేడియో మొదలుపెట్టారు. నేను 'చైతన్యం' తీసుకెళ్తున్నాననుకున్న నేలలో ఉన్న చైతన్యాన్ని చూడటానికి నాకు తీరిక లేకపోయింది. శంకరగిరి మాన్యాలు పట్టించారని ఏడుస్తూ వచ్చినవాళ్లకి ఊరెందుకు కనపడుతుంది!

ఒకటి మాత్రం మారింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అని వెక్కిరింపులు విన్నాం. మగవాడు ఊరు తిరిగితే లోకజ్ఞానం, ఆడది తిరిగితే పనిలేనితనం! చార్జీకి చేయి చాచకుండా బస్సెక్కడం ఎంత పెద్ద సంగతో, ఎన్నడూ చేయి చాచనివాళ్లకి అర్థం కాదు.

బస్సు వచ్చింది కానీ గది రాలేదు. ఉద్యోగినుల హాస్టళ్ల పథకాన్ని కేంద్రం 1972-73లోనే పెట్టింది, ఇప్పుడు దాని పేరు సఖి నివాస్. అర్ధ శతాబ్దం దాటింది. మహిళా ఉద్యోగుల్ని చిన్న ఊళ్లకి పంపే ప్రభుత్వానికి, వాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది ఇంటివాళ్ల దయకి వదిలేయాల్సిన విషయమా? మన సంఘాలు బదిలీల కౌన్సెలింగ్ గురించి ధర్నాలు చేశాయి. ప్రతి డివిజన్ కేంద్రంలో ఒక హాస్టల్ కావాలని ఎన్నిసార్లు అడిగాం?

ఆ అమ్మాయికి మళ్లీ ఫోన్ చేశాను. ఈసారి ఇలా చెప్పాను.

తాళం నువ్వే కొనుక్కో, రెండు చెవులూ నీ దగ్గరే పెట్టుకో. ఒప్పుకోకపోతే ఇంకో ఇల్లు చూడు. నీకు సులువుగా ఇల్లు దొరికి నీ తోటి ఉద్యోగినికి దొరకకపోతే, ఎందుకు దొరకలేదో గట్టిగా అడుగు, వీలైతే ఇద్దరూ కలిసి తీసుకోండి. కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉందేమో మొదటి వారమే కనుక్కో. పదిమంది ఉద్యోగులుంటే అది ఉండి తీరాలని 2013 చట్టం చెప్తోంది. 181 నంబరు నువ్వు దాచుకోవడమే కాదు, పిల్లలకీ చెప్పు. సంతకి వెళ్లు, కూరగాయలమ్మే అవ్వతో మాట్లాడు, ఆమె భాష నేర్చుకో. స్టాఫ్‌రూములో నీకు నవ్వొస్తే నవ్వు. వారానికి రెండు సాయంత్రాలైనా ఊళ్లోనే ఉండు, ఆ సంగతి నీ విద్యార్థినులకి తెలియనివ్వు.

"భయం వేయదా అక్కా?" అంది.

వేస్తుంది. నాకూ వేసింది. కానీ నేను భయపడి ఎక్కిన నాలుగు గంటల బస్సు ఎవరిని గేటు దగ్గర వదిలేసి వెళ్లిందో కూడా ఆమెకి చెప్పాను.