మన పేరు మీది పైసలకు బస్తీలో సభ ఏది?

ఏజెన్సీలో ఉపాధి పనికి పోయినోళ్ళెవరికైనా సోషల్ ఆడిట్ అంటే తెలుసు. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఆ హక్కును గ్రామసభకిచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఆడిట్లు జరిగాయి. మస్టరు తెచ్చి జనం ముందు పేర్లు చదివేవాళ్ళు. చచ్చిపోయిన మనిషి పేరున కూలి రాసి ఉంటే పక్కింటివాళ్ళే లేచి చెప్పేవాళ్ళు. తిన్న సొమ్మంతా తిరిగి రాలేదు, నిజమే. అయినా తిన్నవాడు ఊరి ముందు నిలబడాల్సి వచ్చింది.

అదే మనిషి మణుగూరు రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, బస్తీలో గది కిరాయికి తీసుకుంటే ఆ హక్కు స్టేషన్ దాటి రాదు.

బస్తీల అభివృద్ధి ఈ నగరానికి కొత్త కాదు. 1960లో సికింద్రాబాద్‌ను కలుపుకున్న హైదరాబాద్ కార్పొరేషన్, 1967లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకం మొదలుపెట్టింది. అందరూ యూసీడీ అంటారు. బస్తీవాళ్ళే కూర్చుని ఏం కావాలో తేల్చుకోవాలి, తమ వంతు వేసుకోవాలి, కార్పొరేషన్ తోడు నిలవాలి అన్నది దాని మూలసూత్రం. మంచి సూత్రమే. తర్వాత యునిసెఫ్ సాయం వచ్చింది, 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సొమ్ము వచ్చింది. సొమ్ము ఇచ్చినవాళ్ళకు రిపోర్టులు పోయాయి. బస్తీకి ఎవరు రిపోర్టు ఇచ్చారు?

ఈరోజు యూసీడీ అంటే పొదుపు సంఘాలు, బ్యాంకు లింకేజీ. మన అక్కచెల్లెళ్ళు ఒక్క కిస్తీ తప్పితే ఇంటికొచ్చి అడుగుతారు. వాళ్ళ పుస్తకంలో ప్రతి రూపాయికీ లెక్క, ప్రతి మీటింగుకూ సంతకాలు. అదే అక్క ఎదురు తిరిగి, మా బస్తీకి ఈ ఏడు ఎంత మంజూరైంది అని అడిగితే చూపించే పుస్తకం లేదు. నేను ఒక ఆఫీసులో ఈ ప్రశ్నే అడిగాను. పై ఆఫీసుకు పొమ్మన్నారు. పై ఆఫీసు కింది ఆఫీసుకు పొమ్మంది.

ఇందులో మన వాటా సంగతి ఇంకా ఘోరం. 2013లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. మన జనాభా శాతాన్ని బట్టి నిధి పెట్టాలి. కానీ విడదీయలేని పెద్ద పనుల ఖర్చులో కొంత భాగాన్ని ఎస్సీ, ఎస్టీల పద్దులో చూపే వెసులుబాటు కూడా చట్టంలోనే పెట్టారు. అందరూ నడిచే రోడ్డులో మన అడుగులకు కూడా మన నిధిలోంచే లెక్క రాసుకోవచ్చన్నమాట.

పట్నంలో మీరెంతమంది అంటారు. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో ఎస్టీలు 1.24 శాతం. 2020 ఎన్నికల్లో 150 డివిజన్లలో మనకు కేటాయించినవి రెండు, ఫలక్‌నుమా, హస్తినాపురం. సికింద్రాబాద్ వైపు ఒక్కటీ లేదు. తక్కువమందిమి, చెదిరి ఉన్నాం, కౌన్సిల్లో గొంతు లేదు. అందుకే మనకు సభ ఇంకా ఎక్కువ అవసరం.

వార్డు కమిటీలు ఉన్నాయి కదా అనేవాళ్ళకు ఒక మాట. 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఒకే వార్డు ఉన్న కమిటీకి ఆ వార్డు సభ్యుడే అధ్యక్షుడు. జవాబు చెప్పాల్సినవాడే అధ్యక్ష కుర్చీలో కూర్చుంటే ప్రశ్న ఎవరిని అడగాలి? ఆడిటర్లు వస్తారు, వోచర్లు చూస్తారు. నల్లాలో నీళ్ళొస్తున్నాయా అని వోచరు చెప్పదు.

కంటోన్మెంట్ బస్తీల గోడు వేరు. అక్కడ బోర్డు రక్షణ శాఖ కింద ఉంటుంది. 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. 2023లో మళ్ళీ నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. అక్కడ అడగడానికి కార్పొరేటర్ కూడా లేడు.

మనం అడిగేది పెద్దదేం కాదు. మార్చి ముగిశాక ఏప్రిల్‌లో ఒక ఆదివారం ప్రతి బస్తీలో కమ్యూనిటీ హాలు తెరవాలి. ఎస్టీల పేరున ఎంత రాశారు, ఏ పనికి రాశారు, కాంట్రాక్టరు ఎవరు, తెలుగులో, ఉర్దూలో బిగ్గరగా చదవాలి. బస్తీ మహిళా సమాఖ్య అక్కే అధ్యక్షత వహించాలి. ఆ లెక్క హాలు గోడ మీద పెయింటు వేయాలి. ఆధార్‌లో ఊరి అడ్రసు ఉందని కిరాయిదార్లను బయటికి పంపకూడదు, బస్తీలో ఉండే మనవాళ్ళలో చాలామంది కిరాయిదార్లే.