లెక్కకు రాని వాగులు

దేశమందలి చెరువులు, కుంటలు, జలాశయములను మొట్టమొదటిసారిగా గణించి కేంద్ర ప్రభుత్వము 2023లో నివేదిక వెలువరించినది. అందు 24,24,540 నీటిపట్టులు కలవు. మెచ్చదగిన పని. అయితే నిలువనీటికే గాని పారునీటికి ఆ గణనలో చోటు లేదు. నదులు, వాగులు, ఊటలు విడువబడినవి. కాకతీయులనాటి గొలుసుకట్టు చెరువులలో పై చెరువు అలుగునీరు వాగు వెంట క్రింది చెరువునకు చేరును. ఆ నడిమి వాగు పూడిపోయినచో క్రింది కట్ట ఎంత గట్టిదైననేమి?

పారునీటిని వర్గీకరించుట అసాధ్యమేమియు కాదు. అమెరికాలో హార్టన్ 1945లో చూపిన పద్ధతిని స్ట్రాలర్ 1952లో సవరించెను. వేరొక పాయ వచ్చి కలియని పిల్లవాగు మొదటి తరగతి. అట్టివి రెండు కలిసినచో రెండవ తరగతి. రెండవ తరగతివి రెండు కలిసినచో మూడవది. వంక, వాగు, ఏరు అని మన రైతు పిలుచుటలోను ఇట్టి వివేకమే ఉన్నది, ఆ పేర్ల హద్దులు ఊరూరికి మారినను.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు ఏటి హద్దులెక్కడ అను ప్రశ్న మరల లేచినది. ఏటికే ఈ గతియైనచో, ఏడాదికి కొద్ది దినములు మాత్రమే పారు వంకను పట్టించుకొను వారెవరు? వేసవిలో చూచినవారికి అది ఖాళీ నేల. దున్నువారు దున్నుదురు, ఇండ్లు కట్టువారు కట్టుదురు. పటము గీయబూనినవారు శ్రావణ భాద్రపదములలోనే వంక వెంబడి నడచి, ఊరివారు పిలుచు పేరుతోను, సర్వే నెంబరుతోను దానిని గుర్తింపవలెను.